కాలేజీ వేదిక మీద నా వ్యసనం గురించి చెప్పమంటున్నారు – చెప్పాలా, వద్దా?

కొత్తనీరు
జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అంబాజీపేటకు దగ్గరలో ఒక చిన్న ఊరు. నాకు 26 ఏళ్లు. మత్తు పదార్థాలు పూర్తిగా మానేసి ఈ నెలకు రెండేళ్ల నాలుగు నెలలైంది. ఇక్కడ మీరందరూ రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను కానీ నేను రాయడం ఇదే మొదటిసారి.

మొన్న మా మండలంలోని ఒక జూనియర్ కాలేజీ నుంచి ఫోన్ చేశారు. జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జరుపుతున్నారట. నాలుగు వందల మంది పిల్లల ముందు నిలబడి, ఎలా మొదలైందో, ఎలా చెడిపోయానో, ఎలా బాగుపడ్డానో నా నోటితోనే చెప్పమని అడిగారు. నేను వెంటనే సరేనన్నాను. అమ్మ ఒప్పుకోవడం లేదు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. "మనింటి సంగతి మైకులో చెబుతావా నాన్నా" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంజనీరింగ్ రెండో ఏట హాస్టల్లో గంజాయి మొదలైంది. దాన్ని నా చేతిలో పెట్టినవాడు ముక్కూమొహం తెలియనివాడు కాదు. నాకు టైఫాయిడ్ వస్తే పది రోజులు మెస్ నుంచి క్యారియర్ మోసుకొచ్చి తినిపించిన స్నేహితుడు. మూడో ఏటికి నొప్పులకు వాడే మాత్రలు వచ్చాయి, చీటీ అడగని మందుల షాపు ఒకటి దొరికింది. పరీక్షలు తప్పాను, చదువు మధ్యలో ఆగింది, ఇంటికి వచ్చేశాను. కొబ్బరికాయల డబ్బు అమ్మ బియ్యం డబ్బాలో దాచేది. నేను అందులోంచి తీస్తున్నానని తెలిశాక బీరువాలో పెట్టి, ఆ తాళంచెవిని పుస్తెల తాడుకు కట్టుకుని పడుకునేది. ఒక రాత్రి నేను నిద్రపోతున్న అమ్మ మెడ దగ్గర చెయ్యి పెట్టాను. అమ్మ కళ్లు తెరిచింది. ఏమీ అనలేదు. తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని విషయం ఇదే.

ఆ తర్వాత నాలుగు నెలలకు రావులపాలెం బస్టాండులో ఫిట్స్ వచ్చి పడిపోయాను. ఆ మాత్రలు ఎక్కువైతే అలా అవుతుందని నాకు తెలియదు. అక్కడి నుంచి కాకినాడ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి చేర్చారు. బయటికి వచ్చాక ఒకసారి మళ్లీ జారిపోయాను, మళ్లీ వెళ్లాను. ఇప్పుడు ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను.

నాకు పదిహేడేళ్లప్పుడు ఎవరైనా వచ్చి ఇదంతా చెప్పి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. అందుకే చెప్పాలని ఉంది. పెద్దలు మీరేమంటారు?

లెక్కల మాస్టారు
జూన్ 8, రాత్రి 10:25

బాబూ, తప్పకుండా చెప్పు. నేను పాలకొల్లు ప్రాంతంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పదేళ్ల కిందట నేను పిల్లల సంచుల్లో సిగరెట్ల కోసం వెతికేవాణ్ణి. ఇప్పుడు వైట్‌నర్ సీసా కనిపించినా, మత్తు కోసం పీలుస్తున్నారేమోనని ఆగి చూడాల్సి వస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్ వారి ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 2019లో వెలువడినప్పుడు నేను ఆసక్తిగా చదివాను. మిగిలిన మత్తు పదార్థాలన్నీ పెద్దల్లో ఎక్కువగా ఉంటే, పీల్చే పదార్థాలు మాత్రం పిల్లల్లోనే ఎక్కువని, దేశంలో సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు ఆ ఒక్క అలవాటుకే సాయం అవసరమని అందులో తేలింది.

మా కాలేజీలో ఏటా జూన్ 26న పుర్రె బొమ్మలు గీయించి, ర్యాలీ తీయించి, ప్రతిజ్ఞ చేయించి పంపుతాం. ఆ ప్రతిజ్ఞను మైకులో చదివించిన పిల్లవాణ్ణే ఒక ఏడాది కాలేజీ వెనక కాలువ గట్టు మీద గంజాయి తాగుతుండగా చూశాను. ఆ రోజు వాణ్ణి తిట్టి పంపించాను. వాడు మర్నాటి నుంచి కాలేజీ మానేశాడు. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు, అది నన్ను ఇప్పటికీ పీడిస్తోంది. మా మాటలు వాళ్లకు పాఠంలాగే వినిపిస్తాయి, నీలాంటివాడు చెబితే వింటారు. వీలైతే మా కాలేజీకి కూడా రా.

గట్టుమీద
జూన్ 9, ఉదయం 6:10

మాది ఉండి మండలం, పన్నెండు ఎకరాల రొయ్యల చెరువులు చేస్తున్నాను. కాలేజీ పిల్లల గురించి అందరూ మాట్లాడతారు కానీ చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. మేత వేయడానికి, రాత్రి కాపలాకి వచ్చేది పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలే. రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి, కరెంటు పోతే క్షణాల్లో జనరేటర్ వేయాలి, లేకపోతే తెల్లారేసరికి ఆక్సిజన్ అందక రొయ్య తేలిపోతుంది. ఆ ఒంటరి షెడ్డులో నిద్ర ఆపుకోవడానికి మొదట ఖైనీ, తర్వాత మందు, ఇప్పుడు గంజాయి. నా దగ్గర ఉన్న ఒక కుర్రాడి కళ్లు చూస్తే నాకు అనుమానంగా ఉంది, ఎలా అడగాలో తెలియడం లేదు.

తమ్ముడూ, నువ్వు చెప్పాలి. చెప్పడమే కాదు, ఆ మాత్రలు ఇచ్చిన షాపు పేరు, సరుకు తెచ్చేవాళ్ల పేర్లు కూడా అదే మైకులో చెప్పాలి. వాళ్లను వదిలేసి మన పిల్లల్ని మనమే తిట్టుకుంటే ఏం లాభం?

నిర్వాహకులు
జూన్ 9, ఉదయం 8:00

ఈ చర్చలో వ్యక్తుల పేర్లు, షాపుల పేర్లు, మందుల మోతాదులు రాయవద్దని సభ్యులను కోరుతున్నాం. సరఫరా గురించిన సమాచారం ఉంటే రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ వారి 1972 నంబరుకు చెప్పవచ్చు.

వార్డు నర్సు
జూన్ 9, మధ్యాహ్నం 2:35

నేను మానసిక వైద్య వార్డులో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అందరి ఉత్సాహానికి అడ్డుపడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. బాబూ, నువ్వు చెప్పాలి, కానీ ఆ నాలుగు వందల మంది పిల్లల ముందు వద్దు.

ఇది మీ అమ్మగారి కోసమో, పరువు కోసమో అంటున్న మాట కాదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల నివారణ కార్యాలయం 2013లో నివారణ పనికి అంతర్జాతీయ ప్రమాణాలను ప్రచురించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి వాటిని సవరించింది. బడుల్లో ఫలితం ఇవ్వని, ఒక్కోసారి ఎదురు ఫలితం ఇచ్చే పద్ధతులను అందులో చెప్పారు. భయపెట్టడం, ఉపన్యాసం ఇవ్వడం, పోలీసుల చేత చెప్పించడం వాటిలో ఉన్నాయి. ఒకప్పుడు మత్తు వాడి మానేసినవారి చేత అనుభవాలు చెప్పించడం కూడా వాటిలో ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకూ మింగుడు పడలేదు. తర్వాత వార్డులో పిల్లల మాటలు గుర్తు తెచ్చుకుంటే అర్థమైంది.

నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక మీద నిలబడి, ఉద్యోగం చేసుకుంటున్నానని చెబితే, పెద్దలంతా నీకు చప్పట్లు కొడితే, వెనక వరసలో కూర్చున్న పదహారేళ్లవాడికి ఏం కనిపిస్తుంది? "ఇన్నేళ్లు వాడాడు, అయినా బాగానే ఉన్నాడు కదా" అనిపిస్తుంది. ఇంతకుముందు నొప్పి మాత్రల సంగతే తెలియని పిల్లవాడికి ఆ రోజు తెలుస్తుంది. పైగా అలాంటి సభల్లో ఎక్కువమంది పిల్లలు, ఈ అలవాటు తమ చుట్టూ అందరికీ ఉందేమో, తామే వెనకబడ్డామేమో అనుకుంటారు. నిజానికి వాళ్లలో చాలామంది అటువైపు వెళ్లనే లేదు. ఆ ప్రమాణాల్లో మంచివని చెప్పినవి వేరు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు చిన్న తరగతిలో అనేక వారాలపాటు పిల్లల చేత మాట్లాడిస్తూ, స్నేహితుడికి కాదని ఎలా చెప్పాలో అభ్యాసం చేయించడం ఒకటి. తల్లిదండ్రులకు పిల్లలతో మెలిగే తీరు నేర్పడం ఇంకొకటి.

నీకు క్యారియర్ మోసిన స్నేహితుడి గురించి రాశావే, అది ఎవరూ చెప్పని నిజం. పోస్టర్లలో చీకట్లో నిలబడ్డ అపరిచితుణ్ణి గీస్తారు. ఇంట్లోవాళ్లు కూడా ఆ అపరిచితుడి కోసమే చూస్తుంటారు. నీ మాట అందాల్సింది ఆ ఇంట్లోవాళ్లకు, ఇప్పటికే అందులో దిగి బయటికి దారి తెలియని పిల్లలకు. వాళ్లకు నువ్వు బాగుపడి నిలబడటమే కావాలి.

పదకొండేళ్లు
జూన్ 9, రాత్రి 8:50

మాది తణుకు. నాది మద్యం వ్యసనం, మానేసి పదకొండేళ్లు. నర్సమ్మగారి మాటకు నా అనుభవం తోడు చేస్తున్నాను. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు నేను వారం వారం వెళతాను. అక్కడ మేము అన్నీ చెప్పుకుంటాం. నా కూతురి గొలుసు కుదువపెట్టిన సంగతి నేను మొదట చెప్పింది ఆ గదిలోనే. అక్కడ కూర్చున్న పద్నాలుగు మందిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చివర్న ఒక పెద్దాయన టీ గ్లాసు ఇచ్చి "వచ్చేవారం రండి" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను ఇంకో వారం తాగకుండా ఉన్నాను.

తమ్ముడూ, మూడో ఏడాదిలో నన్ను కూడా ఒక సభలో సన్మానించి శాలువా కప్పారు. ఇంటికి వెళ్లేసరికి నాకు ఏదో గెలిచేశానన్న భావం కలిగింది. ఆ నెలలోనే రెండు సమావేశాలు ఎగ్గొట్టాను. తాగలేదు కానీ, ఆ రెండు వారాలు నేను ఎంత అంచున నడిచానో నాకు, నా భార్యకు తెలుసు. నువ్వు నిద్రపోతున్న అమ్మ మెడ దగ్గర చెయ్యి పెట్టిన సంగతి నాలుగు వందల మందికి చెప్పి ఆ రాత్రి ఇంటికి వెళ్లాక, నీ పక్కన కూర్చునేది ఎవరు? ముందు అది చూసుకో. మత్తు మందుల వాళ్లకు ఇలాంటివే నార్కోటిక్స్ అనానిమస్ బృందాలు ఉన్నాయి. దగ్గరలో ఉంటే వెళ్లు, లేకపోతే ఫోన్లో సమావేశాలు జరుగుతాయి.

ఓ తల్లి
జూన్ 10, తెల్లవారుజాము 4:15

నాది రాజోలు దగ్గర. రెండు రోజులుగా ఇది చదువుతూ రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నేనెప్పుడూ ఇలా రాయలేదు. తప్పులుంటే మన్నించండి.

మా అబ్బాయి సూదిమందుల దాకా వెళ్లాడు. మేము మొదట గదిలో పెట్టి తాళం వేశాం. తర్వాత ఎవరో చెబితే దూరాన ఒక ప్రైవేటు కేంద్రానికి తీసుకెళ్లాం. నలభై అయిదు రోజులు, అరవై వేలు. చూడటానికి వెళితే కాలికి గొలుసు ఉంది. అదేమిటని అడిగితే, పారిపోకుండా ఉండటానికేనమ్మా, అందరికీ ఇంతేనని చెప్పారు. అక్కడ అన్నీ వాళ్లకే తెలుసని మేము ఊరుకున్నాం. అబ్బాయి బరువు పెరిగి తేటగా ఇంటికి వచ్చాడు. నాతో కూర్చుని గోంగూర వలిచాడు. అంతర్వేది తీర్థానికి వెళ్దామన్నాడు. తొమ్మిదో రోజు రాత్రి ఎవరో పిలిస్తే వెళ్లాడు. పాత రోజుల్లో తీసుకున్నంతే తీసుకున్నాడని తర్వాత చెప్పారు. తెల్లారి పంటకాలువ పక్కన దొరికాడు.

మానేసి వచ్చినవాడికి పాత మోతాదే విషమవుతుందని మాకు ఆ కేంద్రంలో చెప్పలేదు. ఊళ్లో ఎవరూ చెప్పలేదు. వాడికీ తెలియదు. మేము వాడు బాగుపడ్డాడని సంతోషంలో ఉన్నాం. తెలిసి ఉంటే ఆ తొమ్మిది రోజులూ నేను వాణ్ణి ఒక్కణ్ణి వదిలేదాన్ని కాదు కదా.

బాబూ, పిల్లలకు చెబుతావో లేదో నీ ఇష్టం. మాలాంటి వాళ్లకు మాత్రం చెప్పు.

వార్డు నర్సు
జూన్ 10, ఉదయం 7:30

అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. మీరు తప్పు చేయలేదు. మీకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

మిగిలినవారి కోసం ఆ విషయం స్పష్టంగా రాస్తున్నాను. నల్లమందు జాతి మందులు, అంటే హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడేవారి శరీరం వాటికి అలవాటు పడి ఎక్కువ మోతాదును తట్టుకుంటుంది. కొన్ని వారాలు మానేస్తే ఆ తట్టుకునే శక్తి పోతుంది. అప్పుడు పాత మోతాదు తీసుకుంటే శ్వాస ఆగిపోతుంది. అందుకే ఆసుపత్రి నుంచో, జైలు నుంచో బయటికి వచ్చిన మొదటి వారాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. ఈ రకం వ్యసనానికి బుప్రెనార్ఫిన్ లాంటి మందును వైద్యుల పర్యవేక్షణలో నెలలు, ఏళ్ల తరబడి ఇచ్చే చికిత్స ఉంది. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇస్తున్నారని కుటుంబాలు దాన్ని మధ్యలో ఆపించేస్తాయి. దయచేసి ఆపించవద్దు.

ఇంకో మాట. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత ఇంట్లో ఒక్కసారిగా మాన్పించవద్దు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మనిషి అయోమయంలో పడి లేనివి చూడవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. నిద్రమాత్రల విషయంలోనూ ఇంతే. గంజాయి మానేస్తే ప్రాణం మీదికి రాదు కానీ రెండు వారాలు నిద్ర ఉండదు, తిండి సయించదు, చీటికీ మాటికీ కోపం వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరు అనుకుంటారు.

రాజమండ్రి వకీలు
జూన్ 10, సాయంత్రం 6:05

రాజోలు అమ్మగారికి నా నమస్కారం. గొలుసుల గురించి మీరు రాసింది చదివాక చట్టం సంగతి చెప్పడం నా బాధ్యత అనిపించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మత్తు మందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. ఆ చట్టం 95వ సెక్షన్ రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించకూడదని చెబుతోంది. మీ పిల్లల్ని ఏ కేంద్రంలో చేర్చినా అది నమోదై ఉందో లేదో, అక్కడ మానసిక వైద్యులు వస్తారో లేదో, మిమ్మల్ని లోపలికి వెళ్లి చూడనిస్తారో లేదో ముందు తెలుసుకోండి. చూడనివ్వకపోతే అక్కడ చేర్చవద్దు.

ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆగిపోయేవారు చాలామంది నా దగ్గరికి వస్తారు. చికిత్స కోరడం నేరం కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడకం నేరం మీదగానీ, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం మీదగానీ ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యసనపరుడు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన సంస్థలో తనంతట తానుగా చికిత్సకు వెళ్లి పూర్తి చేసుకుంటే ఆ నేరానికి విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపును వెనక్కి తీసుకోవచ్చు. అయితే ఇది అమ్మేవాళ్లకు వర్తించదు. ఇరవై కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణం, దానికి శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. ఏజెన్సీ నుంచి మన మీదుగా వెళ్లే సరుకులో సంచి మోయడానికి నాలుగైదు వేలకు ఒప్పుకున్న కాలేజీ పిల్లల కేసులు నేను చూశాను. సంచిలో ఎంతుందో తనకు తెలియదని చెప్పి బయటపడటం చాలా కష్టం.

ఉండి మిత్రులకు: పేర్లు మైకులో చెప్పవద్దు. రుజువు లేకుండా నలుగురిలో పేరు చెప్పినవాడి మీద పరువునష్టం కేసు పడుతుంది, దాడి కూడా జరగవచ్చు. తెలిసినది 1972కు చెప్పండి. చీటీ లేకుండా అమ్మే షాపు మీద ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయండి. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన హెచ్1 జాబితాలోని మందులు అమ్మినప్పుడు చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టరే సాక్ష్యం. మైనరు పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చినా, వాళ్ల చేత మోయించినా 2015 బాలల న్యాయ చట్టం 77, 78 సెక్షన్ల కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

గట్టుమీద
జూన్ 10, రాత్రి 9:20

వకీలు గారికి కృతజ్ఞతలు. కోపంలో రాశాను, పేర్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నర్సమ్మగారూ, నా దగ్గరున్న కుర్రాణ్ణి ఎలా అడగాలో చెప్పండి. పనిలోంచి తీసేస్తానని బెదిరిస్తే దారికి వస్తాడా?

వార్డు నర్సు
జూన్ 10, రాత్రి 9:55

పనిలోంచి తీసేస్తే ఆ కుర్రాడికి మీ చెరువు గట్టు మీదున్న ఒక్క ఆసరా కూడా పోతుంది. మత్తులో లేనప్పుడు, పొద్దున్న మేత వేశాక, ఎవరూ లేనప్పుడు అడగండి. "తాగుతున్నావా" అని అడిగితే లేదనే చెబుతాడు. "రాత్రుళ్లు నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా" అని అడగండి. ఎవరో మాట్లాడుతున్నట్లు వినిపిస్తోందా, అందరూ తన గురించే అనుకుంటున్నట్లు ఉందా అని కూడా అడగండి. అవునంటే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే గంజాయితో కొందరు చిన్నవయసు పిల్లలకు మతి చలించే జబ్బు బయటపడుతుంది. జాతీయ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. మీరే ముందు ఫోన్ చేసి మీ సంగతిగా అడగవచ్చు. ఇంకొకటి, రాత్రి కాపలాకి ఇద్దర్ని పెట్టండి.

గట్టుమీద
జూన్ 10, రాత్రి 10:02

రేపటి నుంచి ఇద్దర్ని పెడతాను.

అక్క
జూన్ 11, ఉదయం 11:40

చెల్లి పెళ్లి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది ముమ్మిడివరం. నా తమ్ముడిది ఇదే కథ. నాకు సంబంధం చూసేటప్పుడు దాచారు. నిశ్చితార్థం అయ్యాక వేరేవాళ్ల ద్వారా అవతలివాళ్లకు తెలిసి అది తప్పిపోయింది. రెండో సంబంధం వాళ్లకు మా నాన్న మొదటిరోజే చెప్పారు. "వైద్యం చేయిస్తున్నాం, మందులు వేసుకుంటున్నాడు" అన్నారు. మా మామగారు కాసేపు ఆగి, తన అన్నయ్య సారాకి పోయిన సంగతి చెప్పారు. అయితే తమ్ముడూ, అది చెప్పాలా వద్దా అన్నది నీ ఒక్కడి నిర్ణయం కాదు. మీ చెల్లిని అడిగావా?

కొత్తనీరు
జూన్ 12, రాత్రి 10:30

అక్కా, అడగలేదు. మీరు రాశాకే అడిగాను. చెల్లి, "నాకు అభ్యంతరం లేదు అన్నయ్యా, కానీ నా కాలేజీ స్నేహితులకు వేరేవాళ్ల ద్వారా తెలియకముందు నేను చెప్పుకుంటాను, నాకు కాస్త వ్యవధి ఇవ్వు" అంది. రెండేళ్లలో ఆ అమ్మాయి ఏమనుకుంటోందో నేను అడిగింది ఇదే మొదటిసారి.

నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం అమ్మకు చదివి వినిపించాను. రాజోలు అమ్మగారి ఉత్తరం దగ్గర అమ్మ నన్ను ఆపింది. మళ్లీ చదవమంది. రెండోసారి చదివాక లేచి వెళ్లి పెరట్లో కూర్చుంది. కాసేపటికి వచ్చి, "పెద్దవాళ్లను పిలిపించమను, పిల్లల్ని కాదు" అంది. పొద్దున్నే ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, 26న పిల్లల ముందు కార్యక్రమం ఉండాలన్నారు. నర్సమ్మగారు రాసిన ప్రమాణాల సంగతి వివరించాను. ఆలోచించి చెబుతానన్నారు.

లెక్కల మాస్టారు
జూన్ 13, ఉదయం 7:15

నేను మొదట ఇచ్చిన సలహా తప్పని ఒప్పుకుంటున్నాను. మా కాలేజీలో ఈసారి ర్యాలీ తీయడం లేదు. నలభై మంది ఉన్న ఒక్క సెక్షన్ తీసుకుని, వారానికి ఒక గంట చొప్పున పిల్లల చేతే మాట్లాడించాలని అనుకుంటున్నాం. స్నేహితుడు బతిమాలితే ఏమని చెప్పి తప్పించుకోవాలో వాళ్లే జంటలుగా చేసి చూపించాలి. నేను తిట్టి పంపిన ఆ పిల్లవాడి ఇల్లు ఎక్కడో కూడా వాకబు చేస్తున్నాను.

కొత్తనీరు
జూన్ 29, రాత్రి 9:05

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. నిన్న ఆదివారం సాయంత్రం కాలేజీలో ఒక తరగతి గదిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. నూట యాభై మందికి కబురు పెడితే ఇరవై ముగ్గురు వచ్చారు. వారిలో పద్దెనిమిది మంది తల్లులు. మైకు లేదు. బెంచీలను గుండ్రంగా వేయించాను.

కాకినాడ నుంచి వచ్చిన ఒక వైద్యురాలు మొదట పది నిమిషాలు మాట్లాడారు. తర్వాత నేను చెప్పాను. మాత్రల పేర్లు చెప్పలేదు, ఎలా వాడానో చెప్పలేదు. నాకు మొదట ఇచ్చినవాడు నన్ను బాగా చూసుకున్న స్నేహితుడని చెప్పాను. ఇంట్లో నాలో వచ్చిన మార్పులన్నీ చెప్పాను: మధ్యాహ్నం దాకా నిద్ర, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, స్నానాల గదిలో గంటలు గంటలు, ఇంట్లో చిన్న చిన్న వస్తువులు మాయమవడం. మానేశాక మళ్లీ జారిపోవడం ఉంటుందని, నాకూ జరిగిందని, అప్పుడు నాన్న ఏమీ అనకుండా బండి తీసి "పద, కాకినాడ వెళ్దాం" అన్నారని చెప్పాను. రాజోలు అమ్మగారి అనుమతితో, పేరూ ఊరూ లేకుండా, ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పాను. గదిలో చాలాసేపు ఎవరూ కదల్లేదు.

తాళంచెవి సంగతి చెప్పకూడదనుకున్నాను, చెప్పలేదు. చివరి బెంచీలో కూర్చున్న అమ్మ లేచి తనే చెప్పింది. "వాడు నా మెడ మీద చెయ్యి వేసినప్పుడు నాకు మెలకువే ఉంది. ఇస్తే పాడవుతాడని తెలుసు, ఇవ్వకపోతే ఏం చేసుకుంటాడో తెలియదు. ఎవర్ని అడగాలో తెలియక ఇచ్చేశాను. మీరు నాలాగ ఇవ్వకండి, పరువు గురించి చూసుకోకుండా ముందే అడగండి" అంది. అమ్మ అంతమందిలో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి మెలకువగా ఉందని కూడా నాకు నిన్నటిదాకా తెలియదు.

అందరూ వెళ్లాక ఒకాయన గుమ్మం దగ్గర ఆగారు. చేతుల మీద కొబ్బరి పీచు గీతలున్నాయి, వలుపు పని చేస్తారు. పెద్దాయన నాకు "అండీ" అంటూ మాట్లాడుతుంటే కష్టంగా అనిపించింది. "మావాడికి రెండు నెలల నుంచి నిద్ర లేదండి. గాలి సోకిందని అంత్రం కట్టించామండి. మీరు చెప్పినవన్నీ వాడిలో ఉన్నాయండి. పెద్దాసుపత్రిలో ఎక్కడికి వెళ్లాలో, ఏ కిటికీ దగ్గర చీటీ రాయించుకోవాలో నాకు తెలియదండి, కూడా వస్తారా" అని అడిగారు.

ఎల్లుండి బుధవారం పొద్దున్న ఆరింటి బస్సుకు ముగ్గురం బయల్దేరుతున్నాం. ఆ రోజుకి సెలవు అడిగాను, మా షావుకారు ఇచ్చారు. ఆ అబ్బాయికి ప్రయాణంలో ఏం సయిస్తుందో అమ్మ నన్ను అడిగింది. నాకప్పుడు పెరుగన్నం తప్ప ఏదీ దిగేది కాదని చెప్పాను. నలుగురికి సరిపడా కలుపుతానంది.